ఇంటికొచ్చి చూశాకే ఆంప్లిఫైయర్ అమ్ముతాం

మా షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మా దగ్గర ఒక పద్ధతి మారుతోంది. హోమ్ థియేటర్‌కి మల్టీచానెల్ పవర్ ఆంప్లిఫైయర్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే విడి పెట్టె, మేం ఆంప్ అంటాం) కావాలని ఎవరు అడిగినా, ముందు ఇంటికొచ్చి చూస్తాం. ఆ తర్వాతే ఏది తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో చెబుతాం. డబ్బు పట్టుకుని విజయవాడ దాకా వచ్చినవాళ్లకైనా ఆ రోజే ఆంప్ ఇచ్చి పంపం. ఇది నా వల్ల జరిగిన ఒక తప్పు నుంచి వచ్చిన నిర్ణయం. ఆ సంగతి దాచిపెట్టి కొత్త పద్ధతి ఒక్కటే చెప్పడం నాకిష్టం లేదు.

కిందటి దసరాకి తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఇంట్లో 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్) ఉంది, వాటిని నడిపే రిసీవరూ మంచిదే. ఆయన బాధల్లా ఒక్కటే. "సినిమాలో మాటలు వినపడవు బాబూ. సౌండ్ పెంచితే ఫైట్లొచ్చేసరికి ఇల్లదిరిపోతుంది, మనవరాలు ఉలిక్కిపడి లేస్తుంది" అన్నారు. నేను షాపులో కూర్చునే తేల్చేశాను, రిసీవర్‌కి పవర్ చాలట్లేదని. ఏడు చానెళ్ల (స్పీకర్‌కి ఒక చానెల్) ఆంప్, చానెల్‌కి 200 వాట్లది, అమ్మాను. ముప్పై కిలోల పైమాటే. మా కుర్రాళ్లిద్దరు మోసుకెళ్లి బిగించి వచ్చారు.

సంక్రాంతి వెళ్లాక మాస్టారు ఫోన్ చేశారు. కోపంగా కాదు, మొహమాటంగా. "అంతా బాగానే ఉందయ్యా, మాటలే ఇంకా అలాగే ఉన్నాయి." ఆ మొహమాటం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఆదివారమే వెళ్లాను.

హాల్లోకి అడుగుపెట్టగానే విషయం అర్థమైంది. సెంటర్ స్పీకర్ టీవీ యూనిట్ కింది అరలో ఉంది. అంచు నుంచి జానెడు లోపలికి నెట్టేసి ఉంది. దాని ముందు కొండపల్లి అంబారీ ఏనుగు, పక్కన రిమోట్ల ట్రే. స్పీకర్ మోకాళ్ల వైపు చూస్తోంది. మాటలన్నీ ఆ చెక్క అరలో తగిలి తిరిగి, ముద్దగా బయటికొస్తున్నాయి. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం వచ్చేది సెంటర్ నుంచే. దాన్ని గూట్లో పెట్టేశాక వెనక ఎన్ని వాట్లు పెడితే ఏం లాభం?

ఏనుగును పైఅరలోకి మార్చి, స్పీకర్‌ని అంచు దాకా లాగాం. ముందు వైపు కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, సోఫాలో కూర్చున్నవాళ్ల చెవుల వైపు ఎత్తాం. సెంటర్ లెవెల్ 2 డెసిబెల్ (శబ్దం కొలత) పెంచాను. తర్వాత కొత్త ఆంప్ వైర్లన్నీ తీసేసి, పాత రిసీవర్ మీదే అదే సినిమా పెట్టాను. వంటింట్లోంచి అమ్మగారు, "ఇప్పుడేం చేశారు? ఇక్కడికే వినపడుతున్నాయి మాటలు" అన్నారు. ఆంప్ వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇచ్చేశాం. వెళ్లి చూడకుండా అమ్మిన తప్పు నాది, ఆయనది కాదు.

ఆ రాత్రి మా పుస్తకాలు తీసి చూశాను. ఏడాదిలో ఆంప్‌లు కొన్నవాళ్లలో చాలామంది అడిగింది ఈ మాటల గురించే. వాళ్లందరికీ ఈ నెలలో మేమే ఫోన్ చేస్తున్నాం.

ఇక వాట్ల విషయం. మీరు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ స్పీకర్ కాగితాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 88 డెసిబెల్ అనుకుందాం. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్ శబ్దం వస్తుందని అర్థం. సోఫా 3 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 9.5 డెసిబెల్ తగ్గుతుంది. సినిమా రిఫరెన్స్ లెవెల్ (థియేటర్ల ప్రామాణిక సౌండ్) ప్రకారం ఒక్కో స్పీకర్ నుంచి 105 డెసిబెల్ దాకా పీక్స్ (క్షణంపాటు వచ్చే గట్టి శబ్దాలు) రావాలి. ఆ లెక్కన 450 వాట్లు కావాలి. వినగానే భయమేస్తుంది. కానీ ఇంట్లో అంత సౌండ్ ఎవరూ పెట్టరు. రిసీవర్ మీద మైనస్ 10 (రిఫరెన్స్ కంటే 10 డెసిబెల్ తక్కువ) పెడితే చాలా ఇళ్లలో పక్కింటివాళ్లు తలుపు కొడతారు. అక్కడ కావలసింది అందులో పదో వంతు, 45 వాట్లు. గోడల నుంచి వచ్చే శబ్దం కూడా కలుస్తుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే సరిపోతుంది. అదే స్పీకర్ 85 డెసిబెల్‌ది అయితే రెట్టింపు కావాలి. అందుకే స్పీకర్ ఏదో, సోఫా ఎంత దూరమో తెలియకుండా ఎన్ని వాట్లు కావాలో ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట. 100 వాట్ల నుంచి 125కి వెళ్తే పెరిగేది ఒక్క డెసిబెల్. చెవికి ఆనీ ఆనదు. 200కి వెళ్తే 3 డెసిబెల్. సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు. 100 వాట్ల రిసీవర్ మార్చి 125 వాట్లది కొనడానికి వచ్చినవాళ్లకు ఇకమీదట వద్దనే చెబుతాను.

అట్ట పెట్టె మీద అంకె ఏ లెక్కన వేశారో కూడా చూడాలి. పీఎంపీఓ (క్షణకాలపు పీక్ లెక్క) అని వేల వాట్లు రాసిన డబ్బాలు మనందరం చూసినవే. రిసీవర్లలో అంత అన్యాయం లేదు గానీ, తేడా మాత్రం ఉంటుంది. ఒకే చానెల్ నడిపి, 6 ఓమ్స్ (స్పీకర్ నిరోధం) మీద, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో చెప్పిన అంకె పెద్దగా కనిపిస్తుంది. అదే రిసీవర్‌కి 8 ఓమ్స్ మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానెళ్లు నడిపి ఇచ్చిన అంకె బాగా తక్కువ ఉంటుంది. నమ్మాల్సింది ఆ రెండోదాన్నే. అన్ని చానెళ్లూ ఒకేసారి గట్టిగా నడిస్తే అదీ ఇంకా పడిపోతుంది, ఎందుకంటే అన్నిటికీ కరెంటు ఇచ్చేది లోపలున్న ఒక్క ట్రాన్స్‌ఫార్మరే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాట్స్ ఎలా కొలిచి చెప్పాలో 1974లోనే నిబంధన పెట్టింది, 2024లో దాన్ని మళ్లీ సవరించింది. ఇక్కడ స్పెసిఫికేషన్ కాగితం మనమే చదువుకోవాలి. మా షాపులో ప్రతి ఆంప్ పక్కనా ఆ రెండో అంకె ఒక్కటే రాసి పెడుతున్నాం.

మరి ఆంప్ ఎవరికి కావాలి? మంగళగిరిలో ఒక ఇంట్లో మా వల్ల నిజంగా మేలు జరిగింది. పొడవాటి హాలు, సోఫా నాలుగున్నర మీటర్ల దూరంలో, స్పీకర్లు 4 ఓమ్స్‌వి, సెన్సిటివిటీ తక్కువ. గట్టి సీను రాగానే రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోయేది. వాళ్లకీ ఏడు చానెళ్లది అవసరం పడలేదు. ముందున్న ఎడమ, కుడి, సెంటర్‌కి మూడు చానెళ్ల ఆంప్ పెట్టి, సరౌండ్లు (పక్క, వెనక స్పీకర్లు) రిసీవర్‌కే వదిలేశాం. సరౌండ్లలో సాధారణంగా అంత బరువైన సౌండ్ ఉండదు. ముందు మూడింటి బరువు తగ్గగానే రిసీవర్ చల్లబడింది. ఆ ఇంట్లో ఆంప్ లేకుండా పని జరిగేది కాదు.

రెండో రకం 7.1.4 (చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, పైన నాలుగు) పెట్టుకునేవాళ్లు. సబ్ కాక అది 11 చానెళ్లు. 11 చానెళ్లు నడపగల కొన్ని రిసీవర్లలో తొమ్మిదింటికే ఆంప్ ఉంటుంది, మిగతా రెండిటికి బయట నుంచి పెట్టాలి. రెండు చానెళ్లది చాలు.

దేనికైనా రిసీవర్ వెనక ప్రీఅవుట్లు (బయటి ఆంప్‌కి సిగ్నల్ పంపే సాకెట్లు) ఉండాలి. తక్కువ ధర రిసీవర్లలో సబ్‌వూఫర్‌కి ఒక్కటే ఉంటుంది. అలాంటిదానికి బయటి ఆంప్ కలపలేం. ఫోన్ చేసే ముందు వెనక వైపు ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, సగం పని అక్కడే అయిపోతుంది. ఆంప్ పెట్టాక రూమ్ కాలిబ్రేషన్ (మైకుతో స్పీకర్ల లెవెళ్లు సరిచేయడం) మళ్లీ చేయాలి. లేకపోతే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తేడా వల్ల ముందు స్పీకర్లు మాత్రమే అరుస్తాయి.

సబ్‌వూఫర్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోండి. రిసీవర్ సెట్టింగ్స్‌లో స్పీకర్లు లార్జ్ అని ఉంటే స్మాల్‌కి మార్చి, క్రాసోవర్ (బేస్ సబ్ వైపు మళ్లే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. బేస్ భారం సబ్ మీదికి వెళ్తుంది, రిసీవర్ ఊపిరి పీల్చుకుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

వేడి సంగతి మన ఊళ్లలో మర్చిపోకూడదు. క్లాస్ ఏబీ ఆంప్ (పాత పద్ధతి సర్క్యూట్‌ది) ఊరికే ఆన్‌లో ఉన్నా వేడెక్కుతుంది. మే నెలలో అద్దం తలుపుల టీవీ యూనిట్‌లో పెట్టి తలుపేస్తే అది బతకదు. పైన జానెడు ఖాళీ ఉండాలి, వెనక చెక్క తీసేయాలి. చోటు లేదంటే తక్కువ వేడెక్కే స్విచింగ్ సర్క్యూట్‌ది, క్లాస్ డి తీసుకోండి. ఒకప్పుడు నేను క్లాస్ డి వద్దనేవాణ్ణి. ఇప్పుడొస్తున్న మంచి మాడ్యూళ్లు విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. బరువు తక్కువ, వేడి తక్కువ, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి అదే నయం.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే ఆంప్‌ల గురించి కూడా చెప్పాలి. వెనక 120 వోల్ట్స్ అని మాత్రమే ఉంటే దయచేసి మన 230 ప్లగ్గులో పెట్టకండి. పోతే ఫ్యూజుతో పోవచ్చు, పవర్ సప్లై మొత్తం కాలిపోవచ్చు. దానికి సరిపడా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే బరువూ ఖర్చూ రెండూ పెరుగుతాయి. తెమ్మని చెప్పే ముందే మమ్మల్ని అడగండి, మా దగ్గర కొనకపోయినా పర్వాలేదు.

ఆంప్ పెట్టాక 'మ్‌మ్' అని హమ్ వస్తోందని కొందరు ఎర్త్ పిన్ను విరగ్గొట్టేస్తున్నారు. అది ప్రాణం మీదికొచ్చే పని. ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. హమ్ ఆగిపోతే దోషం అక్కడుంది, ఆ వైరు మధ్యలో పెట్టే చిన్న ఐసోలేటర్‌తో పోతుంది. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోకుండా నీళ్లు పోయడం మాత్రం మానకండి.

ఇకమీదట చూడ్డానికి వచ్చేటప్పుడు ఒక డెమో ఆంప్ తెస్తాం. అవసరం అనిపిస్తే బిగించి వారం రోజులు మీ ఇంట్లోనే వదిలేస్తాం. మీ సినిమాలు, మీ వాల్యూమ్‌లో వినండి. తేడా తెలియకపోతే వెనక్కి పంపేయండి. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరిలో ఇంటికి రావడానికి డబ్బు తీసుకోం. దూరం ఊళ్లైతే పెట్రోలు ఖర్చు ఇస్తే చాలు. ఉన్నది ముగ్గురమే కాబట్టి రోజుకి రెండిళ్లకి మించి రాలేం, కాస్త ఓపిక పట్టండి.

ఏడాది లోపు మా దగ్గర ఆంప్ కొని, మాటలు ఇంకా సరిగ్గా వినపడనివాళ్లు మా ఫోన్ కోసం ఆగక్కర్లేదు, మీరే చేయండి. రసీదు పోయినా ఫర్వాలేదు, మా పుస్తకంలో మీ పేరుంది.