నాలుగో తరగతి: సోమవారం నుంచి వాన కొలత

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం నుంచి మన పిల్లలే వాన కొలుస్తారు. శనివారం ఖాళీ లీటరు బాటిల్, పాత స్కేలు, టేపు పంపండి. బాటిల్ పక్కలు నిటారుగా ఉండాలి, నొక్కులున్నవి వద్దు, కొలత తప్పుతుంది. పైభాగం మీరే కోసివ్వండి. దాన్నే బోర్లించి గరాటులా పెడతాం. అడుగున గులకరాళ్లు వేసి, స్కేలుని బాటిల్‌కి టేపుతో అంటించి, దాని సున్నా గీత దాకా నీళ్లు పోస్తాం.

ఇంట్లో డాబా మీద, చెట్టుకీ గోడకీ దూరంగా పెట్టించండి. రోజూ ఉదయం 8:30కి చూసి రాయాలి. వాతావరణ శాఖ కొలిచేదీ అప్పుడే! రాశాక నీళ్లు మళ్లీ గీత దగ్గరికి తేవాలి.

1 మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకి లీటరు నీళ్లు. ఇది పిల్లలకి చెప్పి చూడండి, మీ డాబా లెక్క వాళ్లే కట్టేస్తారు.

వాన పడని రోజు సున్నా రాయించండి, ఖాళీ వదలొద్దు. ఉరుములు వినిపిస్తే మాత్రం డాబా ఎక్కనివ్వకండి.