రూపాయికి కొట్టిన పిన్‌తో మూడొందలు కోయొద్దు

సంపాదకులకు నమస్కారం.

యాప్‌ల చందాల పేరుతో సామాన్యుల ఖాతాల్లోంచి అడగకుండా డబ్బులు కట్ అవుతున్న సంగతి రిజర్వ్ బ్యాంకు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దృష్టికి వెళ్లాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పల్లెలో బ్యాంకు మిత్రగా పనిచేస్తాను. వేలిముద్ర తీసుకుని డబ్బులివ్వడం, ఖాతాలో ఎంతుందో చూసి చెప్పడం నా పని. "పింఛను పడ్డదా" అని అడిగేవాళ్ల మధ్య ఇప్పుడు "నా పైసలు ఎటు పోయినయ్" అని వచ్చేవాళ్లు కూడా కనిపిస్తున్నారు.

పాల బిల్లు తీసుకుందామని వచ్చిన ఒకామె ఖాతాలో 299 రూపాయలు తగ్గాయి. "నేనెవ్వరికీ పంపలే అన్నా" అంది. ఫోన్ చూస్తే సంగతి తెలిసింది. సీరియళ్ల యాప్ ఒకటి వారం రోజులకు రూపాయే అంటే పిన్ కొట్టింది. రెండు రోజులు చూసి, నచ్చక యాప్ తీసేసింది. దాంతో పీడ వదిలిందనుకుంది. కానీ ఫోన్‌లో యాప్ పోయినా యూపీఐలో ఆటోపే, అంటే గడువు రాగానే డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు, అలాగే ఉంది. వారం తిరగ్గానే 299 లాగేసింది.

ఆ యాప్‌ను నా ఫోన్‌లో వేసుకుని చూశాను. 'ఒక్క రూపాయి' అనేది తెరంతా పరుచుకుని ఉంది. దాని కింద లేత బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే ఇంగ్లిషు అక్షరాల్లో నెలకు 299 అని ఉంది. పిన్ కొట్టే ముందు వచ్చే ఆటోపే తెర ఇంకా ఘోరం. అందులో గరిష్ఠ మొత్తం 999 అని ముందే నింపేసి ఉంది. అంటే రేపు ఆ కంపెనీ చందాను 299 నుంచి 499కి, 799కి పెంచినా మళ్లీ పిన్ అడగాల్సిన పని లేదు. రూపాయి కోసం కొట్టిన ఆ ఒక్క పిన్నే అన్నిటికీ ఒప్పుకోలైపోతుంది. దీన్ని సమ్మతి అని ఎలా అంటాం?

మన దగ్గర నిబంధనలు లేవని కాదు. కార్డుల ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంకు 2019 ఆగస్టులోనే నియమాలు పెట్టింది, 2020 జనవరిలో వాటిని యూపీఐకి వర్తింపజేసింది. మొదటిసారి ఓటీపీ లేదా పిన్ తప్పనిసరి. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల గడువుతో మెసేజ్ రావాలి, అది అర్థమయ్యే భాషలో ఉండాలి. మొత్తం మారుతూ ఉండే మ్యాండేట్ (ఆటో డెబిట్‌కు ఇచ్చే అనుమతి) అయితే గరిష్ఠ పరిమితి ఎంతో ఖాతాదారు చెప్పాలి. చెప్పాల్సింది ఖాతాదారు అయినప్పుడు ఆ 999 ఎవరు నింపారు? మెసేజ్ వస్తోంది, నిజమే. కానీ వచ్చేది ఇంగ్లిషులో, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో. ఆమె ఫోన్‌లో అది చదవకుండానే పడి ఉంది. పైగా 2022 జూన్ నుంచి ఒక్కో విడతకు 15,000 రూపాయల వరకు మళ్లీ పిన్ అక్కర్లేదు. నెలకు మూడు, నాలుగొందల చందాలన్నీ ఈ సందులోంచి దర్జాగా వెళ్లిపోతున్నాయి.

2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే యాప్, వెబ్‌సైట్ ఎత్తుగడలను, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో చందా ఉచ్చు ఒకటి. ఉచిత చందా ఇస్తామంటూ ఆటో డెబిట్‌కు అనుమతి బలవంతంగా తీసుకోవడం, రద్దు చేసుకునే దారి దాచిపెట్టడం రెండూ అందులోకే వస్తాయి. మరి ఉచితం అనకుండా రూపాయి అంటే సరిపోతుందా? నా దృష్టిలో అది ఆ నిషేధాన్ని తప్పించుకునే ఎత్తే. అమెరికాలో స్పష్టమైన సమ్మతి లేకుండా ప్రైమ్ అనే డబ్బు కట్టే చందాలో చేర్చుకున్నారని, రద్దు చేసుకోవడం కష్టం చేశారని వచ్చిన కేసులో అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మన దగ్గర 299 పోయిన మనిషి ఆ 299 తిరిగి రాబట్టుకోవడానికే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంటోంది.

ప్రతిసారీ అడిగితే సేవ ఆగిపోతుంది, వినియోగదారుకే ఇబ్బంది అని కంపెనీలు అంటాయి. నేను ప్రతి నెలా అడగమనడం లేదు. ఒప్పుకున్న ధరే కొనసాగితే ఆటోపే హాయిగా నడవనివ్వండి. ధర మారినప్పుడు అడగండి. 2024 జూలైలో ప్రైవేటు టెలికాం కంపెనీలు రీచార్జ్ ధరలు పెంచినప్పుడు ఏం జరిగింది? ప్రీపెయిడ్ వాళ్లకు రీచార్జ్ చేసుకునేటప్పుడు కొత్త ధర కళ్లముందు కనిపించింది. కొందరు కట్టారు, కొందరు చిన్న ప్యాక్‌కు మారారు, లక్షల మంది బీఎస్‌ఎన్‌ఎల్‌కు వెళ్లిపోయారు. చదువు రాని వాళ్లు కూడా తమ నిర్ణయం తాము తీసుకోగలిగారు. డబ్బు చేతిలోంచి వెళ్లే ముందు ఒక్క మాట అడిగితే చాలు, మిగతాది జనం చూసుకుంటారు.

అందుకని రిజర్వ్ బ్యాంకును కోరేది ఇదీ. ట్రయల్ ముగిసి అసలు ధర మొదలయ్యే రోజున కొత్తగా పిన్ అడగాలి. ధర పెంచినప్పుడు, అది పాత గరిష్ఠ పరిమితి లోపల ఉన్నా సరే, మళ్లీ పిన్ అడగాలి. పాత ధర, కొత్త ధర పక్కపక్కన, తెలుగు ఎంచుకున్న ఫోన్‌లో తెలుగులో చూపించాలి. ఖాతాదారు జవాబివ్వకపోతే చందా ఆగిపోవాలి, మౌనాన్ని అంగీకారంగా లెక్కేయకూడదు. గరిష్ఠ పరిమితి గడిలో చందా ధరకు మించి ఒక్క రూపాయి కూడా ముందే నింపి ఉంచకూడదు.

ఈలోగా పాఠకులకు ఒక మాట. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి ఏమేం నడుస్తున్నాయో చూసుకోండి, అక్కర్లేనివి అక్కడే రద్దు చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా చూడండి. అడగకుండా డబ్బు పోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మొత్తం చిన్నదని వదిలేయొద్దు. పాల బిల్లు మీద బతికే ఇంట్లో 299 చిన్న మొత్తం కాదు.

ఇట్లు,
ఒక బ్యాంకు మిత్ర,
నల్గొండ జిల్లా