బాగుచేసేవాళ్లకి ఊళ్లో కాస్త చోటు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అక్కయ్యపాలెంలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కొత్తవి కుడతాను గానీ, వచ్చే పనిలో ఎక్కువ భాగం పాత బట్టల రిపేరే. పర్యావరణానికి హాని చేయని ఇల్లు ఎలా ఉండాలో ఈ మధ్య పేపర్లలోనూ, ఫోన్లో వచ్చే వీడియోల్లోనూ చాలామంది చెబుతున్నారు. వెదురు బ్రష్షులు కొనండి, రాగి బాటిళ్లు కొనండి, జనపనార సంచులు కొనండి అంటున్నారు. అవి మంచి వస్తువులే. కానీ ఇంట్లో ఇప్పటికే ఉన్న వస్తువుని ఇంకో పదేళ్లు పనికొచ్చేలా చేసిపెట్టే మనుషుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్లకి మన విశాఖపట్నంలో కూర్చోడానికి చోటు లేకుండా పోతోంది. అది చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాకు బాగా తెలిసిన బట్టల సంగతి చెబుతాను. ప్యాంటు జిప్పు పోయిందంటే చాలామంది ప్యాంటే పక్కన పడేస్తారు. నిజానికి పళ్లన్నీ బాగానే ఉంటాయి, పైకీ కిందికీ జరిగే రన్నరు ఒక్కటే వదులై ఉంటుంది. రన్నరు మార్చడానికి ఐదు నిమిషాలు పట్టదు. స్కూలు బ్యాగులకీ, సూట్‌కేసులకీ ఇదే జబ్బు. జూన్‌లో స్కూళ్లు తెరిచేటప్పుడు మంచి బ్యాగులు చెత్త బండి ఎక్కడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మా అమ్మ కుట్టిన పరికిణీలకి అడుగున రెండు మూడు టక్కులు ఉండేవి. పిల్ల పొడుగు పెరిగేకొద్దీ ఒక్కో టక్కూ విప్పేవాళ్లు. జాకెట్టు పక్క కుట్లలో వేలెడు గుడ్డ లోపలికి వదిలేవాళ్లు, ఒళ్లు చేసినా కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. ఇప్పటికీ నేను అలాగే కుడతాను. రెడీమేడ్ బట్టల్లో ఆ గుడ్డ ఉండదు. ఓవర్‌లాక్ కొట్టి అంచు దాకా కత్తిరించేస్తారు. ఏడాది తిరగ్గానే బిగుతైన డ్రెస్సు పట్టుకుని వస్తారు, "అక్కా, కాస్త వదులు చేయవా" అని. లోపల గుడ్డ లేకపోతే నేనేం చేయగలను? పక్కన వేరే గుడ్డ అతికించాలి. అందుకే నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలకి చెబుతుంటాను, కొనేటప్పుడు రంగు చూసినట్టే లోపలి కుట్టు కూడా తిప్పి చూడమని. సాగే గుడ్డలైతే ఇంకా కష్టం. అందులో కలిపిన సాగే దారం ఒకసారి వదులైపోతే ఆ బట్టని నేనే కాదు, ఎవరూ బాగుచేయలేరు.

పాత బట్టల్లో దేన్ని దేనికి వాడాలో కూడా ఒక లెక్క ఉంది. నూలు చీర ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, నీళ్లు బాగా పీలుస్తుంది. బొంతకీ, వంటింటి మసిగుడ్డలకీ, పురిటి పిల్లల పక్కగుడ్డలకీ దాన్ని మించింది లేదు. మా అత్తగారు నాలుగైదు చీరలు పొరలుగా పరిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టిన బొంత మీదే మా ఇద్దరు పిల్లలూ పెరిగారు. పాలిస్టర్ చీర ఇలా పనికిరాదు, నీళ్లు పీల్చదు. కానీ గట్టిది, త్వరగా చిరగదు, తడిసినా వెంటనే ఆరుతుంది. అందుకని కర్టెన్లకీ, మడిచి హ్యాండ్‌బ్యాగులో పడేసుకునే సంచులకీ బాగుంటుంది. జీన్స్ ప్యాంటుతో కూరగాయల సంచి కుడితే ఐదు కిలోల ఉల్లిపాయలు మోసినా పిడి ఊడదు. దానికి మామూలు సూది విరిగిపోతుంది, 16 నంబరో 18 నంబరో వేసుకోవాలి. చిరిగిన బట్ట పారేసే ముందు గుండీలు, హుక్కులు, జిప్పులు కత్తిరించి డబ్బాలో వేసుకోండి. మీకు అక్కర్లేకపోతే ఏ టైలరుకిచ్చినా సంతోషంగా తీసుకుంటారు.

సంచుల మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన విషయం. షాపుల్లో గుడ్డ సంచి అని ఇచ్చేవాటిలో చాలా భాగం అసలు గుడ్డే కాదు. చుక్కలు చుక్కలుగా నొక్కినట్టుండే ఆ సంచులు పాలీప్రొపిలిన్‌తో చేసినవి, అంటే ప్లాస్టిక్. వాటి అంచు పట్టుకుని పోగు లాగి చూడండి. నేసిన గుడ్డయితే పోగు వస్తుంది, ఇందులో రాదు. చిన్న ముక్క కత్తిరించి జాగ్రత్తగా వెలిగించి చూడండి. నూలు గుడ్డ కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, ఇది కరిగి ముద్ద కడుతుంది. కేంద్రం 2021లో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు సవరించినప్పుడు ఈ సంచులు కూడా 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 60 గ్రాములు) కంటే పల్చగా ఉండకూడదని పెట్టింది. ప్లాస్టిక్ కాకపోతే ప్లాస్టిక్ నిబంధనల్లో వాటి ఊసెందుకు? నాలుగు వాడకాలకి పిడి ఊడి, మన గెడ్డల్లో, అంటే ఊళ్లోని నీళ్లు పోయే కాలువల్లో, చేరేవి ఇవే. వానాకాలంలో గెడ్డ పొంగి ఇళ్లలోకి నీళ్లొస్తే ఒకసారి ఆ గెడ్డలో ఏముందో చూడండి. సంచులతో పాటు పాత బట్టలూ చుట్టుకుని కనిపిస్తాయి. మిగిలింది సముద్రంలోకి పోతుంది.

పోనీ అసలైన నూలు సంచి కొత్తది కొంటే సరిపోతుందా అంటే, అదీ అంత సులువు కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క కట్టింది. కొత్త పత్తితో చేసిన సంచిని కనీసం 131 సార్లు వాడితే గానీ, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగుతో పోల్చినప్పుడు వాతావరణం మీద భారం సమానం కాదట. పత్తి పండించడానికీ, వడికి నేయడానికీ అంత ఖర్చవుతుంది మరి. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో పేర్లు అచ్చేసి పంచే సంచులు ప్రతి ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. అన్నన్ని సంచుల్లో ఏది 131 సార్లు మార్కెట్‌కి వెళ్తుంది? పాత చీరతో కుట్టిన సంచికి కొత్త పత్తి అక్కర్లేదు. నా దగ్గర కుట్టించుకుంటే యాభై రూపాయలు, లేదంటే మీ ఇంట్లో సూదీ దారంతో మీరే కుట్టుకోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇత్తడి గిన్నెలు, రాగి బిందెలు మళ్లీ ఫ్యాషనయ్యాయి. అమ్మమ్మల నాటి ఇత్తడి సామాను అటక మీంచి దింపుతున్నారు. చాలా సంతోషం. కానీ ఇత్తడి గిన్నెలో పప్పుచారో పులుసో కాచాలంటే లోపల కళాయి, అంటే తగరం పూత, ఉండాలి, లేకపోతే పులుపు తగిలి చిలుము పట్టి వంట పాడవుతుంది. కళాయి వేసే మనిషి ఏడీ? మా చిన్నప్పుడు వీధి చివర గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తోలు తిత్తితో గాలి కొడుతూ కూర్చునేవాడు. గిన్నె కాలాక నవాసాగరం చల్లి, తగరం రుద్ది, గుడ్డతో ఒక్క చుట్టు తిప్పితే నల్లటి గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. మేం పిల్లలం ఆ పొగ పడకపోయినా అక్కడే నిలబడేవాళ్లం. ఆ పని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఆయన కష్టమల్లా ఒక్కటే, నిప్పు రాజేయడానికి చోటు లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొగ పెట్టనివ్వరు, రోడ్డు పక్క కూర్చుంటే లేపేస్తారు.

దూది ఏకేవాళ్ల సంగతీ ఇంతే. గడ్డకట్టిన పరుపులోని పత్తిని విప్పి, ఏకి, మళ్లీ నింపి కుడితే అది కొత్త పరుపే. కొత్త గలీబు వేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు. ఆ దూది గాల్లోకి ఎగురుతుంది కాబట్టి ఖాళీ జాగా కావాలి. జాగా లేక జనం పత్తి పరుపులు పారేసి ఫోమ్ పరుపులు కొంటున్నారు. ఆ ఫోము పాడైతే ఏకడానికీ లేదు, కుట్టడానికీ లేదు, మట్టిలో కలవనూ కలవదు. కత్తులకి సాన పట్టేవాళ్లు, గొడుగులు బాగుచేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, కుక్కరుకి గాస్కెట్ మార్చేవాళ్లు, ఫ్యానుకి కండెన్సర్ వేసేవాళ్లు, అందరిదీ ఒకే ఇబ్బంది. మా జంక్షన్లో వేపచెట్టు కింద ఏళ్ల తరబడి కూర్చున్న చెప్పుల తాత, రోడ్డు వెడల్పు పనుల్లో ఆ చెట్టూ చోటూ పోయాక ఎక్కడికి వెళ్లాడో నాకు తెలియదు. గేటెడ్ కాలనీల్లోకి వీధి కేకల వాళ్లని రానివ్వరు. పిలిచే జనం లోపల ఉన్నారు, పని తెలిసిన మనిషి బయట ఉన్నాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ మనుషుల విలువ ఊరంతా చూసింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు మిషన్లన్నీ ఆగిపోయాయి. నా కాలి మిషను మాత్రం నడిచింది. చిరిగిన టార్పాలిన్లు, తడిసిన పరుపుల గలీబులు, పిల్లల బ్యాగులు గుమ్మం ముందు గుట్టపడ్డాయి. పడిపోయిన చెట్లని చాలామంది వంటచెరుకుగా కొట్టేసుకున్నారు గానీ, మా వీధి నిద్రగన్నేరు మొద్దుని ఒక కంచరపాలెం వడ్రంగి పలకలు కోయించి నాకు బల్ల చేసిచ్చాడు. ఈ రోజుకీ దాని మీదే బట్ట కత్తిరిస్తున్నాను.

కాబట్టి నేను అడిగేది ఇది. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. అందులో వీధి వ్యాపారి అంటే సరుకు అమ్మేవాళ్లే కాదు, వీధిలో జనానికి సేవలు అందించేవాళ్లు కూడా ఆ మాట కిందికే వస్తారు. చెప్పులు కుట్టే ఆయనకి, కళాయి వేసే ఆయనకి బజ్జీల బండికున్నంత హక్కూ ఉందన్నమాట. ఐదేళ్లకోసారైనా సర్వే చేసి, అర్హులకి సర్టిఫికెట్ ఇచ్చి, చోటు చూపించాలని ఆ చట్టమే చెబుతోంది. ఈ పనులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఈసారి సర్వేకి వచ్చినప్పుడు పళ్ల బండ్లు, టిఫిను బండ్లతో పాటు బాగుచేసేవాళ్లని కూడా వెతికి రాసుకోమని మన నగరపాలక సంస్థ జీవీఎంసీ అధికారులని కోరుతున్నాను. వాళ్లు ఒకచోట ఉండరు కాబట్టి పొద్దున్న ఒకసారి వచ్చి వెళ్లిపోతే దొరకరు. మా లాంటి షాపుల వాళ్లని అడిగితే ఎవరు ఎక్కడ ఉంటారో చెబుతాం.

రెండోది రైతుబజార్ల గురించి. 1999లో అవి మొదలైనప్పుడు రైతుకి కావలసింది చోటొక్కటే, మిగతాది వాళ్లే చూసుకున్నారు. నరసింహనగర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం రైతుబజార్లకి రోజూ వేలమంది సంచి పట్టుకుని వస్తారు. అక్కడ ఒక పక్క రేకుల షెడ్డు వేసి, వారానికి రెండు రోజులు బాగుచేసేవాళ్లకి ఇస్తే చాలు. నిప్పు పనికి ఒక మూల ఇటుకల గట్టు, దూది పనికి వల కట్టిన ఒక గది, ఒక ప్లగ్ పాయింటు, ఒక కుళాయి ఉండాలి. కూరగాయలు కొని వెళ్లేలోపు కుక్కరు బాగవుతుంది, చెప్పు కుట్టడమవుతుంది. ఫ్రాన్స్‌లో 2023 చివర్లో బట్టలు, చెప్పులు బాగుచేయించుకునేవాళ్లకి బిల్లులో 6 నుంచి 25 యూరోల దాకా తగ్గించే పథకం పెట్టారు. మనం అంత అడగడం లేదు. మా పనికి జనం డబ్బులిస్తారు, కూర్చునే చోటు చూపిస్తే చాలు.

కొనక తప్పని వస్తువులకి మన దగ్గర్లోనే దారులున్నాయి. కొండచీపుళ్లు, కుంకుడుకాయలు గిరిజన సహకార సంస్థ దగ్గర దొరుకుతాయి, దాని హెడ్డాఫీసు మన విశాఖలోనే ఉంది. పసిపిల్లలకి బొమ్మలు కావాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి, అంకుడు కర్ర మీద చెట్ల రంగులతో చేసినవి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అడిగి మరీ సహజ రంగులవే తీసుకోండి. ఫంక్షన్లకి మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు వాడొచ్చు, లేదా షామియానా షాపుల్లో స్టీలు పళ్లాలు అద్దెకి తెచ్చుకోవచ్చు. పేపరు గ్లాసుల లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, వాటిని చూసి మోసపోకండి.

రైతుబజారులో అలాంటి షెడ్డు వేస్తే నా వంతుగా పాత కాలి మిషను ఒకటి ఇస్తాను. జిప్పు రన్నరు మార్చడం, చీరతో సంచి కత్తిరించడం, పరికిణీకి టక్కు వేయడం నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లకి షాపు సెలవు రోజున వచ్చి నేర్పుతాను. డబ్బులేమీ అక్కర్లేదు. మా కళాయి ఆయన కూడా వస్తానన్నాడు. ముందు చోటెక్కడో చెప్పమంటున్నాడు.

ఇట్లు,
ఒక టైలరు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.