వైరింగంతా పీకించకు బావా, ఆగు

కాకినాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. లైట్లు సతాయిస్తున్నాయని చూపిస్తే, మెకానిక్ కారు వైరింగంతా పీకి కొత్తది వేయాలన్నాడని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. అడ్వాన్సు ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఇది పూర్తిగా చదివాక ఇద్దువుగాని. ఇచ్చేసుంటే మాత్రం చదవకు, ఊరికే బాధపడతావు.

మా నాన్న కారు నీకు తెలుసుగా, మనిద్దరం డ్రైవింగ్ నేర్చుకుని గోడకి గుద్దిందే. కార్తీకమాసంలో అమ్మని అన్నవరం తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు పువ్వులా వెళ్లింది. తిరిగొస్తూ పిఠాపురంలో టీకని పది నిమిషాలు ఆగాం. తాళం తిప్పితే 'టక్' అంది, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. అమ్మ ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని "తోయించరా" అంది. ఇద్దరు కుర్రాళ్లని బతిమాలి తీసుకొచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి తిప్పాను. శుభ్రంగా స్టార్టయింది! వాళ్లు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

బ్యాటరీ పోయిందన్నారు, మార్చాను. ఇరవై రోజులు బాగుంది. మళ్లీ టక్. సెల్ఫ్ మోటారు (తాళం తిప్పగానే ఇంజన్ని తిప్పేది) విప్పి కార్బన్ బ్రష్‌లు వేశారు, అది రెండు వారాలు. వచ్చిపోయే జబ్బుతో చిక్కంతా ఇదేరా. ఏం మార్చినా నాలుగు రోజులు నయమైనట్టే ఉంటుంది. బాగుచేసినవాడికీ అబద్ధం చెప్పానన్న పట్టింపుండదు, డబ్బిచ్చినవాడికీ మోసపోయానన్న అనుమానం రాదు. మెకానిక్ ముందు బండి నిలబడితే, డీఈఓ తనిఖీకొచ్చిన రోజు మన క్లాసులాగే, ఎంత బుద్ధిగా ఉంటుందో.

అసలు సంగతి యాక్సిలరేటర్ కేబుల్ బయటపెట్టింది. పెడల్ బిగుసుకుపోతోందని బానెట్ ఎత్తి చూస్తే, కేబుల్ పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి ఉంది. పొగగొట్టానికి దూరంగానే ఉంది కదా, ఎందుకు కరిగిందీ అని రాత్రంతా నిద్ర పట్టలేదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. వెళ్లిన కరెంటంతా తిరిగి బ్యాటరీ మైనస్‌కి రావాలి. మైనస్‌ని బాడీకి బిగించి ఉంచుతారు. ఇంజనేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, అందుకని దాన్నుంచి బాడీకి ఒక ఎర్తు పట్టీ వేస్తారు. ఆ పట్టీ చెడితే కరెంటు ఊరుకుంటుందా? ఏ ఇనుప తీగ దొరికితే దాన్ని పట్టుకుని పోతుంది. మా బండిలో దానికి యాక్సిలరేటర్ కేబుల్ దొరికింది.

మీటరుతో బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, బంగారంలా ఉంది. సెల్ఫ్ దగ్గర చూసినా దాదాపు అంతే. ఇక్కడే నేనూ మెకానిక్కూ కూడా బోల్తాపడ్డాం. మన చిన్నప్పుడు ఊళ్లో లో వోల్టేజి గుర్తుందా? ప్లగ్గులో టెస్టరు పెడితే వెలిగేది, ఫ్యాను మాత్రం తిరిగేది కాదు. మీటరూ అంతే. అది లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి, తీగలో ఒక్క పోగు మిగిలినా వోల్టేజి నిండుగా చూపిస్తుంది. బరువు మోస్తున్నప్పుడు చూడాలి.

అందుకని ఊరంతా ఒక చుట్టు తిప్పి, వేడి మీదుండగానే, కాయిల్‌కి కరెంటొచ్చే వైరు తీసేసి (ఇంజను అందుకోకుండా), గేరు న్యూట్రల్లో పెట్టి మా ఆవిణ్ణి తాళం తిప్పమన్నాను. మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను మీద. బాగుంటే 0.2 అటూ ఇటూ చూపించాలి. నాకు 3 దాటింది! రెండో ముల్లు బాడీ మీద పెడితే 0.1. అంటే బ్యాటరీ నుంచి బాడీ దాకా బాగానే ఉంది, బాడీకీ ఇంజనుకీ మధ్యే తెగిందన్నమాట. కింద దూరి చూస్తే, అల్లిన రాగి పట్టీ పైకి బాగానే కనిపిస్తోంది. బోల్టు విప్పితే లగ్గు (పట్టీ చివరుండే రేకు) కింద పచ్చగా చిలుము, దాని కింద తుప్పు. కొత్త పట్టీ వేసి, బాడీ మీద మెరుపొచ్చేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాను. పట్టీ ఖరీదు ఆ రోజు మేం తిన్న పెసరట్లకి కూడా సరిపోదు.

ఇక నీ బండి. గతుకులో పడితే డూములు (ముందు పెద్ద లైట్లు) ఆరిపోయి మళ్లీ వస్తున్నాయన్నావు. పాత బళ్లలో డూము కరెంటంతా స్విచ్చులోంచే పోతుంది. 60 వాట్ల బల్బులు రెండంటే 10 ఆంపియర్లు. ఒక జాయింటు దగ్గర ఒక్క వోల్టు పోయినా అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. రాత్రి పది నిమిషాలు లైట్లు వేసి, స్విచ్చు వెనకా ఫ్యూజుల దగ్గరా మెల్లిగా తాకి చూడు. ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందో అక్కడే నీ దొంగ. లైట్లు వెలుగుతుండగానే ఒక్కో కనెక్టర్ని పట్టుకుని కదుపు. అన్నీ ఒకేసారి కదిపేశావో, ఏది కదిపితే తగ్గిందో జన్మలో తెలీదు. స్విచ్చే దోషి అయితే కొత్తది వేసి, మధ్యలో రిలే పెట్టించు, అప్పుడు డూముల బరువంతా స్విచ్చు మీద పడదు.

ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా కొట్టుకోవడం వేరే జబ్బు. ఆ వెనక లైటు హోల్డరుకి ఎర్తు సరిగా లేక, కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోంది. స్క్రూ విప్పి గీకి బిగించు, చాలు.

ఏ వైరు విప్పే ముందైనా బ్యాటరీ మైనస్ తీసెయ్, తగిలించేటప్పుడు అదే చివర. ఫ్యూజు పదేపదే పోతోందని సిగరెట్ పెట్టెలో తళుకు కాగితం మాత్రం చుట్టకు. బండి కాలిపోతుంది, మీ ఆవిడ నన్ను తిడుతుంది.

మా బండికి ఇంకొకటి మిగిలే ఉంది. ఎడమకి పూర్తిగా తిప్పితే హారన్ దానంతటదే మోగుతోంది. స్టీరింగ్ లోపల వైరెక్కడో రాసుకుంటోందనుకుంటా. మా సందు మలుపు ఎడమకే కాబట్టి నేనొస్తున్నట్టు ఇంట్లో ముందే తెలిసిపోతోంది, అన్నం వడ్డించేస్తున్నారు. అందుకే ఇంకా విప్పలేదు.

సంక్రాంతికి వస్తున్నావుగా, మీటరు నా దగ్గరుంది, నువ్వు ఆ బండి వేసుకునే రా. అక్కయ్యకీ పిల్లలకీ అడిగానని చెప్పు.

ఉంటాను మరి.