అనుమతి అక్కర్లేదు సరే, నష్టం లేదని ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

‘నాలుగు వరుసల రోడ్డుకు తొలగిన అడ్డంకులు’ అని పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. కోపం మీద రాస్తే మీరు వేసుకోరని ఆగాను. ఆగినా తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం. ‘పర్యావరణ ప్రభావ మదింపు అవసరం లేదని అధికారులు స్పష్టం చేశారు’ అని రాశారు. పని మొదలెట్టే ముందే దానివల్ల నేలకూ నీళ్లకూ ఏం నష్టమో లెక్కకట్టడమే ఈ మదింపు. ఎవరికి అవసరం లేదు? నిబంధనకు లేకపోవచ్చు. చెరువుకీ, దాని కింద మడులకీ అవసరం లేదని తేల్చిందెవరు?

ఇందులోని కిటుకు అందరికీ తెలిసిందే. 2006 నాటి మదింపు నోటిఫికేషన్‌ను 2013లో సవరించారు. ఉన్న జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు దాటాలి, పైగా అదనంగా తీసుకునే భూమి వెడల్పు పాత దారి వెంట 40 మీటర్లు, బైపాస్‌ల దగ్గర 60 మీటర్లు మించాలి. అప్పుడే ముందస్తు అనుమతి. మన రోడ్డు 100లోపే. కనుక మదింపు లేదు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు, అడిగేవాడికి జవాబూ లేదు. హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల మర్రులదీ ఇదే కథ. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా ఉన్నది 46 కిలోమీటర్లే. దాని మీద సుమారు 900 మర్రిచెట్లున్నా లెక్కలోకి రాలేదు. వాటి కోసం జనం పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ మెట్లెక్కారు. ఇక ప్రతి ఊళ్లోనూ చెట్ల తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లను వెతుక్కోవాలన్నమాట.

చెట్ల మాట కనీసం పేపర్లో వస్తుంది, నీళ్ల మాట అదీ రాదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. ఆ రెంటి మధ్య నుంచి మనిషెత్తు కట్ట పోసి, వాగు దాటేచోట రెండు సిమెంటు గొట్టాలు పెడితే కింది చెరువుకు ఏం చేరుతుంది? పైవైపు పొలాల్లో నీళ్లు నిలుస్తాయి, కిందివైపు నాట్లు ఎండుతాయి. ఏ వాగుకు ఎంత వెడల్పు కల్వర్టు కావాలో ముందే చూడడానికే మదింపు. వరదొచ్చి రోడ్డు తెగాక అదే పని మళ్లీ టెండరు పిలిచి చేస్తారు. అప్పుడు దాన్ని ‘శాశ్వత పరిష్కారం’ అంటారు.

ఆ కట్టకు మట్టి ఎక్కడిది? రోడ్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చి 28న కేంద్రం మినహాయింపు ఇచ్చింది. దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకుని కూర్చున్న రోజులవి. ప్రజల అభ్యంతరాలు అడగకుండా ఇచ్చిన ఆ మినహాయింపును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు సంగతి మన గుట్టల దగ్గర నిలబడ్డ ప్రొక్లెయినర్లకు ఇంకా అందినట్టు లేదు.

ఇక ఊరి పొలిమేరలోని వీరగల్లు, పోరులో పడిన వీరుడికి నిలిపిన గుర్తు రాయి. కత్తి ఎత్తిన వీరుడు, కాళ్ల దగ్గర గుర్రం, పైన సూర్యచంద్రులు. ముఖం అరిగిపోయినా నడుముకున్న బాకు స్పష్టంగానే కనిపిస్తుంది. ఇప్పుడు దాని రొమ్ము మీద ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు, చైనేజీ అంకె (రోడ్డు మొదటి నుంచి ఎంత దూరమో చెప్పేది) వేసి పోయారు. పసుపు కుంకుమలు పెట్టే చోటే. తొలగించాల్సిన వాటి జాబితా చూపించమంటే చూపించారు: ‘బండరాయి – 1’. అది శిల్పమండీ అంటే, రక్షిత కట్టడమా అని ఎదురు ప్రశ్న. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని 2010 నుంచి చట్టంలోనే ఉంది. కానీ ఆ జాబితాలోకి ఎక్కని వీరగల్లులు, సతీసహగమనం చేసిన ఆడవాళ్ల గుర్తుగా నిలిపిన సతిశిలలు, మెట్ల బావులు, శాసనపు బండలు ఊరూరా ఉన్నాయి. వాటికి మదింపు ఒక్కటే దిక్కు. దాన్నీ ఎత్తేస్తే, కంకర మిల్లుకూ వాటికీ మధ్య అడ్డుగా మిగిలేది ఎవరు?

చేతకాక కాదు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు ఏడాదే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా చేశారు. మునగబోయే కట్టడాల్లో ముఖ్యమైన వాటిని కొండ మీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో కట్టారు. అప్పుడూ లోయలు మునిగాయి, ఊళ్లు పోయాయి. ఆ పాపాన్ని నేను కడగబోవడం లేదు. కానీ ఏం పోతోందో ముందు చూసి రాసుకున్నారు. ఇప్పుడు డ్రోన్లున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి, కళ్లెదుట ఉన్న రాయిని చూసే ఓపికే లేదు.

మదింపు జరిగే చోట మాత్రం ఏం వెలిగిపోతోంది? నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేది ప్రాజెక్టు కట్టేవాళ్లే. పెళ్లికొడుకు తరఫు పురోహితుణ్ని జాతకం చూడమంటే దోషం చెబుతాడా? ఒక జిల్లా నివేదికలోని పక్షుల జాబితా మరో జిల్లా నివేదికలో అచ్చుతప్పులతో సహా దర్శనమిస్తుంది. సంతకం పెట్టే అధికారి చదవడు, చదివినవాడు మరుసటి నెలకు బదిలీ.

ఇదంతా రాస్తే అభివృద్ధి నిరోధకుడనే ముద్ర సిద్ధంగా ఉంటుందని తెలుసు. ఇరుకు రోడ్డు మీద పోయిన ప్రాణాలు నాకూ గుర్తున్నాయి. రోడ్డు కావాలి, వెడల్పుగానే కావాలి. నిబంధన అడగకపోయినా కలెక్టరు గారు తలుచుకుంటే నీటిపారుదల ఇంజినీరును, పురావస్తు శాఖ మనిషిని ఆ దారి వెంట ఒకసారి నడిపించగలరు. వాళ్లు చూసింది గ్రామసభలో చదివి వినిపించగలరు. దానికి ఏ గెజిటూ అడ్డు రాదు.

మీ విలేకరికీ ఒక మనవి. అధికారులు ‘స్పష్టం చేశారు’ అని రాసే ముందు ఆ కాగితం చేతికి తీసుకుని చదవమనండి. వర్షాలు మొదలయ్యేలోపు పనులు ప్రారంభిస్తామని మీ వార్తలోనే ఉంది కనుక, కాస్త త్వరగా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు