అడ్నెక్సా పేజీలో రెండే ఆప్షన్లు: మీ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: అల్ట్రాసౌండ్ మిషన్‌లోని గైనిక్ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ లోపాలు, అప్‌డేట్ తర్వాత చెరిగిపోయిన డాప్లర్ (రక్తప్రవాహం చూపే) సెట్టింగులు.

అయ్యా,

నేను నల్లగొండలో గైనకాలజిస్టును. మా సెంటర్లో స్కానింగులూ నేనే చేస్తాను. మీ మిషన్ బొమ్మ మీద నాకు పేచీ లేదు, ట్రాన్స్‌వజైనల్ ప్రోబ్ నిజంగానే బాగుంది. పేచీ అంతా ఆ బొమ్మ చూశాక మీ సాఫ్ట్‌వేర్ నాచేత రాయించే రిపోర్టుతోనే. మెయిల్ పెడితే టికెట్ నంబర్ వస్తుంది, కొన్నాళ్లకు ‘సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది. ఏం పరిష్కరించారో మాత్రం తెలియదు. మీ ప్రాంతీయ ఆఫీసు తెలుగులో కూడా ఫిర్యాదులు తీసుకుంటామంది కాబట్టి, ఈసారి తెలుగులోనే వివరంగా రాస్తున్నాను.

గర్భసంచి పేజీ నింపాక అడ్నెక్సా పేజీకి, అంటే అండాశయాలు, ట్యూబుల పేజీకి వస్తే అండాశయంలో గడ్డ ఉంటే ఎంచుకోవడానికి రెండే ఆప్షన్లు: ‘సింపుల్ సిస్ట్’, ‘కాంప్లెక్స్ సిస్ట్’. లోపల గదులు ఎన్ని, గోడ నున్నగా ఉందా, గట్టి భాగం ఉందా, ఉంటే ఎన్ని మిల్లీమీటర్లు, పాపిల్లరీ ప్రొజెక్షన్లు (గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చే బుడిపెలు) ఎన్ని, వెనక నీడ పడుతోందా, రక్తప్రవాహం ఏ పాటిది, పొట్టలో నీరు చేరిందా? గడ్డ మామూలుదా, అనుమానించాల్సిందా అని తేల్చేవి ఇవే. వీటిలో ఒక్కదానికీ మీ పేజీలో గడి లేదు. అండాశయ గడ్డల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధకుల ఐయోటా బృందం ఈ వర్ణనకు ఉమ్మడి పదజాలం ఇచ్చింది 2000లో, గడ్డ మామూలుదో కాదో తేల్చే సింపుల్ రూల్స్ ఇచ్చింది 2008లో. గడ్డల్ని క్యాన్సర్ ప్రమాదాన్ని బట్టి వర్గాలుగా విడదీసే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్ల ఓ-రాడ్స్ అల్ట్రాసౌండ్ పద్ధతి 2020లో వచ్చింది. మీ బ్రోచర్లో మాత్రం ‘అత్యాధునిక గైనిక్ ప్యాకేజీ’ అని ఉంది.

ఈ లోటు ఎక్కడ తగులుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. హాలియా వైపు నుంచి ఒకామె వచ్చింది, ముప్పై లోపు వయసు, కుడివైపు పొత్తికడుపులో నొప్పి. అండాశయంలో ఐదు సెంటీమీటర్లు కూడా లేని గడ్డ. లోపల వలలాగా సన్నని పోగులు, ఒక మూల ముడుచుకుపోతున్న రక్తపు గడ్డ, దాని అంచు లోపలికి వంగి ఉంది. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే అది కదిలింది. కలర్ డాప్లర్ పెట్టి చూస్తే లోపల ఎక్కడా ప్రవాహం లేదు. ఇది హెమరేజిక్ సిస్ట్. అండం విడుదలైన చోట రక్తం చేరడం వల్ల వస్తుంది, చాలావరకు దానంతటదే కరుగుతుంది. పది సెంటీమీటర్ల లోపు ఇలాంటి లక్షణాలున్న గడ్డ ఓ-రాడ్స్‌లో 2వ వర్గం, అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 1 శాతం కన్నా తక్కువ.

ఈ గుర్తులన్నీ మీ ‘ఇతర వివరాలు’ బాక్సులో టైప్ చేశాను. తెరమీద అంతా కనిపించింది, ప్రింటులో సగానికే తెగిపోయింది. కాగితం మీద మిగిలింది ‘కాంప్లెక్స్ సిస్ట్, కుడి అడ్నెక్సా’. నేను నోటితో భయం లేదని చెప్పి పంపినా, ఇంటికెళ్లాక ఎవరో ఆ కాగితం చదివారు, తెల్లారేసరికి పట్నం బస్సెక్కారు. అక్కడ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్ష చేయించారు, ఎమ్మారై చేయించారు. నెలసరిలోనూ, ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) పెరిగే ఆ సీఏ-125ను ఈ వయసులో చూసి ఏం తేలుస్తారు? తర్వాత నా దగ్గరికొచ్చి మళ్లీ స్కాన్ చేయించుకుంటే గడ్డ లేదు. ఖర్చు, టెన్షన్ మాత్రం ఆ ఇంటివాళ్లకు మిగిలాయి.

ఇదే ‘కాంప్లెక్స్’ గడిలోకి డెర్మాయిడ్ కూడా పోవాలి, ఎండోమెట్రియోమా కూడా పోవాలి. వెంట్రుకలు, కొవ్వు ఉండి వెనక నీడ పడేది ఒకటి, లోపలంతా ఒకేలా మసకగా కనిపించేది ఇంకొకటి. అండాశయానికి సంబంధమే లేని హైడ్రోసాల్పింక్స్‌ది, అంటే నీరు నిండి ఉబ్బిన ఫెలోపియన్ ట్యూబ్‌ది కూడా అదే గడి. పొడవుగా వంకర తిరిగి, లోపల సగం సగం అడ్డుగోడలు కనిపించే దాన్ని ‘సిస్ట్’ అని నేనెందుకు ఎంచుకోవాలి? సర్జన్‌కు ఈ మూడూ మూడు వేరు వేరు నిర్ణయాలు.

రెండో ఫిర్యాదు ఇంకా ప్రమాదకరమైనది. గత అప్‌డేట్‌లో మీ ఇంజనీర్ నేను సేవ్ చేసుకున్న డాప్లర్ ప్రీసెట్లన్నీ చెరిపేశాడు. ముందు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. అండాశయంలో రక్తం నెమ్మదిగా పారుతుంది, అందుకే పీఆర్ఎఫ్‌ను (సెకనుకు ఎన్నిసార్లు ధ్వని తరంగం పంపాలో చెప్పే సెట్టింగును) 0.3 కిలోహెర్ట్జ్ దగ్గర, స్కేలును సెకనుకు 3 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య పెట్టుకుంటాం. మీ ఫ్యాక్టరీ ప్రీసెట్‌లో పీఆర్ఎఫ్ 1.3 ఉంది. ఆ సెట్టింగులో నెమ్మదైన ప్రవాహం తెరమీదికే రాదు.

అది బయటపడింది ఒక రాత్రి, కడుపునొప్పితో తీసుకొచ్చిన అమ్మాయి స్కాన్‌లో. ఎడమ అండాశయం ఉబ్బి, ఫాలికల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) అన్నీ అంచులకు నెట్టుకుపోయి ఉన్నాయి. కలర్ పెడితే శూన్యం. పోల్చుకుందామని కుడివైపు పెట్టాను, బాగానే ఉన్న ఆ అండాశయంలోనూ శూన్యమే. అప్పుడు తెలిసింది లోపం మిషన్‌దని. పీఆర్ఎఫ్ తగ్గించి, ఎడమవైపు కాడ మెలికపడి సుడి తిరిగినట్టు కనిపించేదాకా వెతికి, టార్షన్ అని ఆపరేషన్‌కు పంపాను. అండాశయానికి రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది కాబట్టి ప్రవాహం కనిపించినంత మాత్రాన టార్షన్ లేదనలేం. కనిపించకపోవడానికి కారణం మీ ప్రీసెట్ అయితే ఇక డాప్లర్ దేనికి?

పీసీఓ, అంటే అండాశయంలో చిన్న ఫాలికల్స్ ఎక్కువగా ఉండటం, దాని సంగతి క్లుప్తంగా. ఫాలికల్స్ 12కు చేరగానే మీ సాఫ్ట్‌వేర్ ‘పీసీఓ’ అని తనంతట తనే రాస్తోంది. అది 2003 నాటి లెక్క. ఈ తరం ప్రోబ్‌లతో ఒక అండాశయంలో కనీసం 20 ఫాలికల్స్ గాని, దాని పరిమాణం కనీసం 10 మిల్లీలీటర్లు గాని ఉండాలని 2018లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు దీనికోసం స్కానింగే వద్దన్నాయి. ఇంటర్ చదివే పిల్లల రిపోర్టులో ఆ ముద్ర పడితే తల్లులు నన్ను అడిగేది ఆరోగ్యం గురించి కాదు, పెళ్లి గురించి.

ఇవన్నీ చెప్తే మీ వాళ్లు ‘మిషన్ హైదరాబాద్ పంపండి, స్టాండ్‌బై మిషన్ ఇస్తాం’ అన్నారు. లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం మీకు తెలియంది కాదు. మిషన్ మారాలంటే 30 రోజుల ముందే జిల్లా అధికారులకు తెలియజేయాలి. రిజిస్టర్ కాని మిషన్‌తో ఒక్క స్కాన్ చేసినా సీలు పడేది నా సెంటర్‌కు, మీ ఆఫీసుకు కాదు.

కాబట్టి ఇంజనీర్‌ను ఇక్కడికే పంపండి. అడ్నెక్సా పేజీలో పైన చెప్పిన లక్షణాలకు గడులు పెట్టండి, ఓ-రాడ్స్ వర్గాన్ని డాక్టర్ నిర్ణయించి రాసేలా వదిలేయండి, ‘పీసీఓ’ దానంతటదే రాయడం ఆపండి. నేను రాసింది రాసినట్టు ప్రింటు కావాలి. అప్‌డేట్ చేసే ముందు ప్రీసెట్లు బ్యాకప్ తీసి, పని అయ్యాక నా ఎదుటే కలర్ పెట్టి చూపించాలి. ఇవి కుదరకపోతే రిపోర్టింగ్ ప్యాకేజీకి విడిగా కట్టించుకున్న డబ్బు వాపసు ఇవ్వండి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యూవల్ కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి. మీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చాకే సంతకం పెడతాను.

ఇట్లు,
గైనకాలజిస్ట్, స్కానింగ్ సెంటర్ నిర్వాహకురాలు,
నల్లగొండ