బోస్టన్ నుంచి అమ్మకు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది. నువ్వు పెట్టిన శాలువా రోజూ కప్పుకుంటున్నాను. నాన్న షుగర్ రిపోర్టు ఇంకా పంపలేదేం? అన్నయ్యతో ఫొటో తీయించి పెట్టించు.

"అంత చదువు చదివి బొమ్మచేపలు చేస్తోందా" అని కృష్ణలంక అత్తయ్య అందన్నావు. ఫోన్‌లో ఏమీ అనలేకపోయాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది బొమ్మ కాదమ్మా, నిజం చేపలా తోక ఊపుతూ నీళ్లలో ఈదే రోబో. మోటారు రెక్కలు తిరిగే యంత్రం దగ్గరికొస్తే చేపలు బెదిరిపోతాయి. 2018లో ఇక్కడి ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు సోఫీ అనే మెత్తటి తోక రోబో చేపను ఫిజీ పగడపు దిబ్బల దగ్గర వదిలితే, అసలు చేపలు దాని పక్కనే ఈదాయి. సముద్రంలో ఏం జరుగుతోందో అలా దగ్గర నుంచి చూడొచ్చు.

నాన్న నన్ను సైకిల్ మీద బందరు కాలువ వంతెన దగ్గరికి తీసుకెళ్లేవారు, గుర్తుందా? స్తంభం వెనక చేప కదలకుండా నిలబడుతుంది చూడు అనేవారు. స్తంభం దాటిన నీళ్లు ఓసారి ఎడమకు, ఓసారి కుడికి సుడులు తిరుగుతాయి. చేప ఆ సుడుల మధ్య ఒళ్లు వంచుకుంటూ, పెద్దగా కష్టపడకుండా నిలుస్తుంది. చనిపోయిన ట్రౌట్ చేప ఒళ్లు కూడా ఆ సుడుల్లో దానంతటదే ఊగి ఏటికి ఎదురెళ్లిందని 2006లో ఇక్కడివాళ్లు చూపించారు. ఇది నాన్నకు చదివి వినిపించు.

పని ఎప్పటిలాగే ఉంది. మొన్న తోక కీలు దగ్గర రబ్బరు చీలి మోటారులోకి నీళ్లు పోయాయి. రెండు వారాల పని పోయింది, కాస్త ఏడ్చాను. ఇప్పుడు ఫరవాలేదు, కంగారు పడకు.

తోక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను ఊపు వెడల్పుతో గుణించి, ఈదే వేగంతో భాగిస్తే చాలా చేపలకు 0.2కూ 0.4కూ మధ్యే వస్తుంది. నా చేపకు 0.6 వస్తోంది. అంటే తోక కొట్టుకుంటోంది గానీ అంత ముందుకు పోవడం లేదు. తోక ఎక్కడ గట్టిగా ఉండాలో, ఎక్కడ మెత్తబడాలో నాకింకా కుదరలేదు.

నీతో ఒక పనుంది. ఈసారి శీలావతి తెచ్చినప్పుడు, బూడిద రాసి తోమకముందే తోక మొదలు పట్టుకుని మెల్లగా వంచి చూడు. వేలికి ఎక్కడ నుంచి మెత్తగా తగులుతుందో అక్కడ పసుపుతో గీత పెట్టి ఫొటో పంపు. నీ చేతికి తెలిసినంత నాకు తెలియదు.

గోంగూర పచ్చడి అయిపోయింది.

నీ
బుజ్జి